జొమ్రే అవ్వ పేరుముద్ర

"మొదటి పేరాలో ఒకసారి ‘లోతుగా పశ్చాత్తాపపడుతున్నాను’ అనాలి. చివర ఇంకోసారి. మధ్యలో నిద్ర పట్టలేదని రాయండి. వారం రోజులు పట్టలేదంటే నమ్మరు, ఒక్క రాత్రి చాలు," అన్నాడు గొన్హో, సూప్ గిన్నె దగ్గరికి లాక్కుంటూ.

"అన్నా, నాకు నిజంగానే హాయిగా నిద్ర పట్టేసింది. ఏం చేయమంటావు?" అంది యేజి.

"అయితే అన్నం సయించలేదని రాయి."

"రెండో గిన్నె తింటూనా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. పక్క బల్ల తుడుస్తున్న యూనివర్సిటీ క్యాంటీన్ ఆవిడ కూడా నవ్వి, అడక్కుండానే యేజి ముందు ఇంకో గిన్నెడు సూప్ పెట్టి వెళ్లింది. నవంబరు నెల, శుక్రవారం మధ్యాహ్నం. కిటికీ అవతల గింకో చెట్ల ఆకులు పసుప్పచ్చగా రాలుతున్నాయి.

చూసినవారికి పిల్లలు సరదాగా భోజనం చేస్తున్నట్టే ఉంటుంది. కాని ఆ పళ్లేల మధ్య పరిచి ఉన్న కాగితాలేమిటో తెలిస్తే పెద్దలెవరైనా కాస్త ఆగి ఆలోచిస్తారు. అవి ఆత్మపరిశీలన డైరీలు. మనుషుల జీవితాల మీద పరిశోధన చేయబోయే ప్రతి విద్యార్థీ ముందుగా పరిశోధన నీతిలో శిక్షణ పొందాలి. ఆ శిక్షణలో తనకేం తెలిసివచ్చిందో, తన పనిలో తాను ఎక్కడ తడబడ్డాడో సొంత మాటల్లో రాసుకోవాలి. ఆ రాతను బట్టే మార్కులు.

అంతకుముందు పరీక్ష ఉండేది. అందులో అందరికీ నూటికి నూరు వచ్చేవి. పై తరగతివాళ్ల నుంచి కింది తరగతివాళ్లకు చేతులు మారుతూ వచ్చే జవాబుల కట్ట ఒకటి అక్కడ ఉంటుంది. విద్యార్థులు దాన్ని ‘వంశావళి’ అంటారు. శిక్షణ ఇచ్చే ప్రొఫెసర్ కూ జేమన్ విసిగిపోయి పరీక్ష తీసేసి డైరీ పెట్టాడు. ఎవరి మనసు వారిదే కదా, దానికి వంశావళి ఎలా ఉంటుందనుకున్నాడు. ఒక్క ఏడాది తిరిగేసరికి దానికీ పుట్టింది.

ఆశ్చర్యం లేదు. ఆ పిల్లలు ఎనిమిదో ఏటి నుంచీ ఆ రాతలో ఆరితేరినవాళ్లు. బడికి ఆలస్యమైతే తప్పొప్పుకోలు ఉత్తరం. పక్కవాణ్ణి గిల్లితే తప్పొప్పుకోలు ఉత్తరం. రెండు పేజీలు నిండాలి, ఏడుపు వినపడాలి, ఇంకెప్పుడూ చేయనని ముగించాలి. అది చదివి మాస్టారు తల ఊపితే వ్యవహారం ముగిసినట్టే. గిల్లించుకున్న పిల్లవాడి దగ్గరికి వెళ్లి ‘నొప్పి తగ్గిందా’ అని అడగమని మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అందుకే డైరీ చేతికివ్వగానే వాళ్లు దాన్ని తప్పొప్పుకోలు ఉత్తరమనే అనుకున్నారు.

బల్ల చివర కూర్చున్న దాసొమ్ నవ్వలేదు. ఆమె ముందున్న కాగితం మీద ఒక్క అక్షరం లేదు.

"ఏమ్మా, నీకు తప్పులు దొరకడం లేదా? నా దగ్గర రెండు ఎక్కువున్నాయి, తీసుకో," అన్నాడు గొన్హో.

"నాది నాకుందిలే అన్నా," అని ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

*

దాసొమ్ ఒంటరిగా బతికే ముసలివాళ్ల గురించి పరిశోధన చేస్తోంది. ప్రతి మంగళవారం గంటసేపు బస్సులో ప్రయాణం చేసి, తొంగ్యోంగ్ రేవు పక్క వీధిలో ఉన్న తాక్ జొమ్రే ఇంటికి వెళుతుంది. జొమ్రే అవ్వకు ఎనభై మూడేళ్లు. నలభై ఏళ్ల పాటు షెడ్డులో నిలబడి ఆల్చిప్పలు ఒలిచిన మనిషి. చేతివేళ్లు ఇప్పుడు పూర్తిగా చాపుకోవు. కొడుకు బుసాన్ నగరంలో ఉంటాడు, పండగకు ఫోన్ చేస్తాడు.

మొదటి రోజు సంగతి. దాసొమ్ సంచిలోంచి అంగీకార పత్రం తీసింది. తొమ్మిది పేజీలు. అవ్వ దానివైపు చూడను కూడా లేదు. అల్మరా లోంచి చిన్న పట్టుసంచి తీసి, అందులోని, సంతకానికి బదులు వేసే చెక్క పేరుముద్రను పిల్ల చేతిలో పెట్టింది.

"కళ్లజోడు ఎక్కడ పెట్టానో ఏమో. నువ్వే వేసేసుకో తల్లీ. ఎన్ని కావాలంటే అన్ని వేసుకో. ముందు ఈ చిలగడదుంప తిను, చల్లారిపోతుంది."

అక్కడి ముసలివాళ్లకు అది అలవాటే. బ్యాంకు పిల్లకైనా, పంచాయతీ గుమస్తాకైనా, నమ్మితే ముద్ర చేతిలో పెట్టేస్తారు. వద్దని వెనక్కి ఇస్తే నమ్మకాన్ని తోసేసినట్టు. దాసొమ్ కూడా వెనక్కి ఇవ్వలేదు. ఎర్ర సిరాలో ముద్ర అద్ది నాలుగు చోట్ల తానే వేసింది. చిలగడదుంప తింది. ఆ గదిలో ఎండబెట్టిన ముల్లంగి ఆకుల వాసన వేస్తోంది. తనను పెంచిన అమ్మమ్మ గదిలోనూ అదే వాసన. అమ్మమ్మ పోయి మూడేళ్లయింది. ఆ వాసన మళ్లీ ఎక్కడా దొరకలేదు. ఆ రోజు తొమ్మిది పేజీలు చదివి వినిపించాలన్న మాట ఆ పిల్లకు గుర్తే రాలేదు.

పదకొండు మంగళవారాలు గడిచాయి. అవ్వ మాట్లాడేది, చిన్న రికార్డర్ వినేది. పదకొండో వారం ఆమె ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. భర్త పడవ తిరిగి రాని ఏడాది తర్వాత, ఇంజన్లు బాగుచేసే ఒక మనిషి ఆమె జీవితంలోకి వచ్చాడు. షెడ్డుకు సెలవు రోజైన మంగళవారం నాడు వచ్చేవాడు. ఆకుపచ్చ గొడుగు వేసుకుని, రొట్టె కట్టుకుని వచ్చేవాడు. మూడు చలికాలాలు అలా నడిచింది. తర్వాత తూర్పుతీరానికి పనికి పోయాడు. వస్తానన్నాడు.

"అందుకే నువ్వు ఏ రోజు రమ్మంటావని అడిగితే మంగళవారం అన్నా. ఆ రోజు రెండు గిన్నెలు పెట్టడం చేతికి అలవాటు," అంది అవ్వ.

పన్నెండో వారం దాసొమ్ గుమ్మంలో అడుగు పెట్టగానే అవ్వ అడిగింది. "ఆ పెట్టెలో నేను చెప్పిందంతా ఎవరు వింటారే?"

"మా సార్లు అవ్వా. తర్వాత పుస్తకంగా వస్తుంది. పేరు మార్చేస్తాం. ఫారంలో ఉంది కదా."

"ఏ ఫారం?"

దాసొమ్ వంగి చెప్పులు విప్పసాగింది.

"పేరు మారిస్తే మాత్రం ఏం లాభం? ఆకుపచ్చ గొడుగు అనగానే ఈ వీధిలో ఎవరైనా పోల్చుకుంటారు," అంది అవ్వ. కోపంగా అనలేదు. చిలగడదుంప తొక్క తీస్తూ, తలెత్తకుండా అంది. "ముందే వద్దందామనుకున్నా. అంటే నువ్వు రావడం మానేస్తావేమోనని..."

దాసొమ్ తిరుగు బస్సులో ఆ మాటే వింటూ కూర్చుంది.

*

ఆమె డైరీ చివరికి ఒకటిన్నర పేజీ వచ్చింది. ముద్ర తానే వేసిన సంగతి రాసింది. ఫారం చదివి వినిపించలేదని రాసింది. అవ్వ అన్న మాట మార్చకుండా రాసింది. ఆపైన ఇలా ఉంది:

‘ఆమె ఒప్పుకున్నది పరిశోధనకు కాదు, మంగళవారాలకు. నాకు ఆ సంగతి లోపల తెలుసేమో. ఆ గది నాకూ కావాలి కాబట్టి అడగలేదేమో. ఇప్పుడు ఏం చేయాలో నాకు తెలియదు.’

సంతకం పెట్టేముందు చాలాసేపు ఆలోచించింది. ఈ కాగితం ఇస్తే పన్నెండు వారాల పని పోవచ్చు. పట్టా ఏడాది వెనక్కి పోవచ్చు. ఇవ్వకపోతే ఎవరికీ తెలియదు. గొన్హో చెప్పిన వాక్యం రెండుసార్లు రాస్తే పదికి పది. అయినా ఇచ్చింది.

*

శనివారం పొద్దున ప్రొఫెసర్ కూ ఇంట్లో కూర్చుని ముప్పై ఒక్క డైరీలు ముందు పెట్టుకున్నాడు. ఆయనది నెమ్మదైన స్వభావం. భార్య ఓక్రాన్ పోయి ఆరేళ్లయింది. ఆమె కూర్చునే దిండు ఇంకా బల్లకు అవతలి వైపునే ఉంది. కిందింటావిడ ప్రతి శనివారం టోఫూ కొన్నప్పుడు ఆయనకూ ఒక ముక్క తెచ్చి తలుపుకు తగిలించి, గంట కొట్టకుండా వెళ్లిపోతుంది. ఏడుస్తున్న వేళ తలుపు తీయాల్సి వస్తుందేమోనని మొదటి ఏడాది అలా చేసింది. ఆ తర్వాత అదే అలవాటైంది.

ఆయన దగ్గర మార్కుల పట్టిక ఉంది, ఆయన స్వయంగా తయారుచేసిందే. తప్పు గుర్తించినందుకు మూడు. పశ్చాత్తాపానికి మూడు. ఇకపై ఎలా ఉంటానన్న సంకల్పానికి నాలుగు. ఆరు వస్తే ఉత్తీర్ణత.

పదో డైరీకి వచ్చేసరికి ఆయనకు అనుమానం వచ్చింది. అందరికీ ఒకే రాత్రి నిద్ర పట్టలేదు. ఇరవయ్యో డైరీ దగ్గర నవ్వొచ్చింది. దాసొమ్ డైరీ దగ్గర నవ్వు ఆగిపోయింది.

పట్టిక ప్రకారం ఆమెకు తప్పు గుర్తించినందుకు మూడు వస్తాయి. పశ్చాత్తాపం అన్న మాటే లేదు కాబట్టి సున్నా. సంకల్పమూ లేదు, ‘తెలియదు’ అని ఉంది. సున్నా. మొత్తం మూడు. గొన్హోకు పది.

ఆయన కలం కింద పెట్టాడు. తర్వాత లేచి సొరుగు తెరిచాడు. అందులో ఓక్రాన్ పేరుముద్ర ఉంది. దాని అంచుకు పట్టిన ఎర్ర సిరా ఎండిపోయి నల్లబడింది. ఆమె ఆసుపత్రిలో ఉన్న ఆఖరి వసంతంలో ఒక యువ డాక్టరు కొత్త మందు గురించి పరిశోధన కాగితాలు తెచ్చాడు. ఆమె అలసి ఉంది. ప్రొఫెసరే ఆమె ముద్ర వేసేశాడు. ఆమె కళ్లు తెరిచి, ‘ఆ కాగితం ఏమిటి?’ అంది. ‘ఏం లేదు, పడుకో’ అన్నాడు.

మందు వల్ల మేలూ కాలేదు, కీడూ కాలేదు. ఎవరూ ఎవర్నీ తప్పు పట్టలేదు. కాని ఓక్రాన్ బడిలో పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. కాగితమంటే మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివే మనిషి. చదివి వినిపిస్తే దిండుకు ఆనుకుని శ్రద్ధగా విని, కనీసం రెండు ప్రశ్నలు వేసి ఉండేది. ఆ రెండు ప్రశ్నలూ ఏమై ఉండేవో ఆయనకు ఇక ఎప్పటికీ తెలియదు. ఆరేళ్లుగా ఆయన వెతుక్కుంటున్నది ఆ గొంతునే. అది పలకబోయిన రోజున ‘పడుకో’ అన్నది తానే.

ఇన్నేళ్లుగా పరిశోధన నీతి బోధిస్తున్నాడు. ఈ మాట ఎక్కడా రాయలేదు.

ఆయన పట్టిక వైపు చూశాడు. అందులో ఏడుపుకు మార్కులున్నాయి. ఒట్టు పెట్టుకోవడానికి మార్కులున్నాయి. ఎదుటి మనిషి దగ్గరికి వెళ్లి అడగడానికి ఒక్క మార్కు లేదు.

*

సోమవారం దాసొమ్ ఆయన గది తలుపు దగ్గర నిలబడింది.

"ఫెయిలయ్యానా సార్?"

"ముందు కూర్చోమ్మా." బార్లీ టీ పోసి ఆమె ముందుకు జరిపాడు. "నా పట్టిక ప్రకారం అయ్యావు. పట్టికే ఫెయిలైందని నాకు అనిపిస్తోంది."

"ఇది రాయకపోతే పదికి పది వచ్చేవి కదా సార్?"

"వచ్చేవి."

ఆయన కాదనలేదు, సర్దిచెప్పనూ లేదు. "ఆ సంగతి సరిచేసుకోవాల్సింది నేను. నీ సంగతి వేరు. ఆ రికార్డింగులు ఇప్పుడున్నట్టుగా వాడటానికి వీల్లేదు. యూనివర్సిటీ పరిశోధన సమీక్షా సంఘానికి చెప్పి తీరాలి. నేనూ నీతో వస్తాను. నిన్ను తిట్టొచ్చు. ఏడాది పోవచ్చు. పోదని నీకు మాట ఇవ్వలేను."

దాసొమ్ కప్పు రెండు చేతులతో పట్టుకుని తల ఊపింది.

"అవ్వను మళ్లీ అడిగావా?"

"లేదు సార్. భయమేసింది."

"ఏమని?"

"వద్దంటుందేమోనని." కప్పు కింద పెట్టి అంది. "పని పోతుందని కూడా కాదు సార్. వద్దంటే ఇంక నేను ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి?"

ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. "ఆమె భయమూ అదే కదమ్మా. వద్దంటే నువ్వు రావని ఆమె, వద్దంటే వెళ్లలేనని నువ్వు. ఇద్దరి మధ్యా ఆ ఫారం తొమ్మిది పేజీలూ చదవకుండా పడి ఉంది. నీకు ఇంకా అడగడానికి మనిషి ఉంది. వెళ్లు."

*

మంగళవారం. అవ్వ రెండు గిన్నెలు పెట్టింది. దాసొమ్ రికార్డర్ సంచిలోనే ఉంచి, ఫారం తీసి చదవడం మొదలుపెట్టింది. అర్థం కాని మాట వచ్చినచోట ఆగి మామూలు మాటల్లో చెప్పింది. నాలుగో పేజీ దాకా అవ్వ ఓపిగ్గా వింది.

"ఇంకా ఉందా? నా పెళ్లిలో కూడా ఇంత చదవలేదే!"

"ఇంకా అయిదు పేజీలు అవ్వా."

"అప్పుడూ ఇంత చదివుంటే బాగుండేది. చదువు, చదువు. సూప్ తాగుతూ చదువు."

ఏడో పేజీలో ఒక వాక్యం ఉంది. ‘మీరు ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా తప్పుకోవచ్చు. అందువల్ల మీకు ఏ నష్టమూ కలగదు.’

"ఆగు," అంది అవ్వ. "మళ్లీ చదువు."

దాసొమ్ మళ్లీ చదివింది.

"ఏ నష్టమూ కలగదా? నేను వద్దంటే నువ్వు మంగళవారం రావు. అది నష్టం కాదా? రాసినవాడెవడో గాని ఒంటరిగా ఒక్క రోజు ఉండి ఎరగడు."

దాసొమ్ ఫారం కింద పెట్టింది. "ఫారంలో ఆ మాట లేదవ్వా. నేను చెప్తున్నా. వద్దన్నా వస్తాను."

"పుస్తకం లేకపోయినా?"

"లేకపోయినా."

"అప్పుడు నీకేం పని ఇక్కడ?"

"సూప్ తాగడానికి."

అవ్వ ఆ పిల్ల ముఖంలోకి చూసింది. రేవులోంచి పడవ కూత వినిపించి ఆగిపోయింది. తర్వాత ఆమె పట్టుసంచి తీసింది. పేరుముద్ర బయటికి తీసి, వంకర వేళ్ల మధ్య ఒకసారి తిప్పి, మళ్లీ సంచిలోనే వేసి ముడి వేసింది.

"అయితే వద్దు," అంది.

అని, తన మాట తనకే కొత్తగా ఉన్నట్టు మళ్లీ అంది. "వద్దు! ఆయన సంగతి కాగితాల్లోకి వద్దు. మిగతాదీ వద్దులే. అబ్బ, ఎంత బాగుందే ఈ మాట! ఎనభై మూడేళ్లలో నన్ను ‘వద్దంటావా’ అని అడిగిన మనిషి లేదు. చెయ్యి, రా, ఉండు, వెళ్లు... ఇవే విన్నా."

దాసొమ్ రికార్డర్ తీసి, ఆమె చూస్తుండగా పదకొండు వారాల మాటలూ ఒక్కొక్కటే తుడిచేసింది. పదకొండోది తుడిచే ముందు వేలు ఆగింది.

"ఇది ఒకసారి వింటావా అవ్వా?"

"వినిపించు."

గదిలో అవ్వ గొంతు ఆకుపచ్చ గొడుగు గురించి చెప్పింది. అవ్వ కళ్లు మూసుకుని వింది. అయిపోయాక, "చాలు, ఇంక తుడిచెయ్," అంది. "నాకెలాగూ గుర్తుంటుంది."

దాసొమ్ తుడిచేసింది. అవ్వ ఆమె గిన్నెలో సూప్ మళ్లీ నింపింది.

*

సమీక్షా సంఘం దాసొమ్‌ను గట్టిగానే మందలించింది. రికార్డింగులు తమకు చెప్పకుండా తుడిచేసినందుకు ఇంకో మాట ఎక్కువే పడింది. పరిశోధన మొదటి నుంచి మొదలుపెట్టమంది. ఏడాది పోయింది. పోయినదాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేదు. మంగళవారాలు మాత్రం ఆమె ఇప్పటికీ తొంగ్యోంగ్ బస్సు ఎక్కుతుంది, చేతిలో రికార్డర్ లేకుండా.

ప్రొఫెసర్ కూ ఎవరి డైరీనీ తరగతిలో చదవలేదు. తనది చదివాడు. ముద్ర సంగతి, ‘ఏం లేదు, పడుకో’ అన్న సంగతి, రెండు ప్రశ్నల సంగతి. ఆయన చదువుతున్నంతసేపూ గొన్హో బల్ల మీది గీతల్నే చూస్తూ కూర్చున్నాడు. ఆయన తర్వాత డైరీలన్నీ తిరిగి ఇచ్చేశాడు. ఎవరికీ మార్కులు లేవు. ప్రతిదాని కిందా ఒకే ప్రశ్న రాసి ఉంది: ‘మీరు ఎవరిని అడగలేదు?’

"సార్," అన్నాడు గొన్హో. ఆ రోజు అతని గొంతులో వేళాకోళం లేదు. "దీనికి వంశావళి లేదు."

"ఉండదు బాబూ. ఆ మనిషి ఎవరో నీకొక్కడికే తెలుసు కాబట్టి. నెల రోజులు గడువు. వెళ్లి అడిగి రండి. వాళ్లేమన్నారో రాయండి. వద్దన్నారా, అదీ రాయండి. ఆ తర్వాత మీరేం చేశారో రాయండి. నేను దిద్దేది దాన్నే."

ఎవరో వెనక నుంచి, "పశ్చాత్తాపం రాయక్కర్లేదా సార్?" అన్నారు.

ప్రొఫెసర్ కూ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పశ్చాత్తాపం నా దగ్గర ఆరేళ్ల సరుకుంది. దాన్ని తీసుకునే మనిషి లేదు. మీ మనుషులు ఇంకా ఉన్నారు. కాగితం మీద ఎంత ఏడ్చామన్నది చదువు కాదు పిల్లలూ. ఎదుటి మనిషి వద్దనగలిగేలా అడిగి, వద్దన్నాక కూడా ఆ గుమ్మం ముందు నిలబడగలిగితే, అప్పుడు మనం నేర్చుకున్నట్టు."